ఇస్త్రీ పెట్టెకు కొత్త ప్లగ్గు నేనే బిగించుకోవచ్చా? మూడో తీగ వదిలేస్తే ఏమవుతుంది?

మీ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు కాలి నల్లబడితే దాన్ని కోసేసి కొత్త త్రీ పిన్ ప్లగ్గు తెచ్చుకున్నారు. వైరు చివర గోధుమ రంగు, నీలం, ఆకుపచ్చ మీద పసుపు చార, ఇలా మూడు తీగలున్నాయి. ఏది ఎక్కడ బిగించాలన్నది మీ మొదటి ప్రశ్న. మూడో తీగ లేకపోయినా పెట్టె వేడెక్కుతుందని ఎవరో చెప్పారట, దాన్ని వదిలేయవచ్చా అన్నది రెండోది.

మీరే బిగించుకోవచ్చు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన వాళ్లకు అరగంట పని. గోధుమ రంగు తీగ ఫేజ్‌కు, నీలం న్యూట్రల్‌కు, ఆకుపచ్చ-పసుపు తీగ లావుపాటి ఎర్త్ పిన్నుకు. ప్లగ్గు లోపల స్క్రూల పక్కన ఎల్, ఎన్, ఈ అని ఇంగ్లీషు అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. ఎల్ అంటే ఫేజ్ (కరెంటు వచ్చే తీగ), ఎన్ అంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ), ఈ అంటే ఎర్త్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ). ఇక మూడో తీగను మాత్రం వదలకండి. అది లేకపోయినా పెట్టె వేడెక్కుతుందన్న మాట నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. ఫేజ్ ఊడితే పెట్టె పనిచేయదు కాబట్టి వెంటనే తెలుస్తుంది. ఎర్త్ ఊడితే షాక్ కొట్టేదాకా తెలియదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లలో వైరింగు, గృహోపకరణాల రిపేరు చేస్తున్నాను. ప్లగ్గు అనగానే అందరూ రంగుల గురించే టెన్షన్ పడతారు. నా చేతికి వచ్చిన కాలిన ప్లగ్గుల్లో రంగులు తారుమారైనవి చాలా అరుదు. స్క్రూ సరిగ్గా బిగించనివే ఎక్కువ. ఆ తర్వాతి స్థానం వైరును కదలకుండా పట్టుకునే లోపలి పట్టీ కింద నొక్కకుండా వదిలేసినవాటిది. కాబట్టి రంగుల సంగతి త్వరగా ముగించి, అసలు చోటుకు వద్దాం.

పాత వైర్లలో రంగులు వేరు: ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఇంట్లో గోడ లోపలి వైరింగులో ఇవే కనిపిస్తాయి, ఉపకరణాల వైర్లలో ఇప్పుడు దాదాపు అన్నీ గోధుమ-నీలమే. అమెరికా నుంచి తెచ్చిన వస్తువులతో జాగ్రత్త. అక్కడ నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్. పైగా అవి 120 వోల్టుల వస్తువులు, వోల్టేజి చూసుకోకుండా మన 230 వోల్టులకు ప్లగ్గు మార్చి పెడితే రంగుల దాకా పోకుండానే కాలిపోతాయి.

కుడి ఎడమల లెక్కతో బిగించకండి. సాకెట్‌ను ఎదురుగా చూస్తే ఎర్త్ రంధ్రం పైన, ఫేజ్ కుడి పక్క, న్యూట్రల్ ఎడమ పక్క. ప్లగ్గును పిన్నుల వైపు నుంచి చూస్తే అద్దంలో బొమ్మలా ఇవి తారుమారవుతాయి. బొమ్మ చూసి బిగించేవాళ్లు ఏ వైపు నుంచి గీసిన బొమ్మో గమనించరు. అక్షరాలు చూసి బిగిస్తే ఈ తంటా ఉండదు.

ఫేజ్, న్యూట్రల్ మారిపోతే ఏమవుతుంది? పెట్టె మామూలుగానే వేడెక్కుతుంది. కానీ పెట్టె తగినంత వేడెక్కగానే కరెంటు తెంచే థర్మోస్టాట్ ఫేజ్‌ను కాకుండా న్యూట్రల్‌ను తెంచుతుంది. అంటే వేడి ఆగినా లోపలి ఎలిమెంట్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది. ఇది తప్పే, కానీ అన్నిటికంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. ఆకుపచ్చ-పసుపు తీగ పొరపాటున ఫేజ్ స్క్రూ కిందకు వెళ్లిందా, స్విచ్ వేయగానే పెట్టె అడుగు లోహమంతా 230 వోల్టులే. మిగతావి ఎలా ఉన్నా ఈ ఒక్కదాన్ని రెండుసార్లు చూసుకోండి.

ఇప్పుడు పని. ప్లగ్గు ఏ బోర్డులోనూ లేదు, చేతిలో ఉంది కాబట్టి మెయిన్ ఆపాల్సిన అవసరం లేదు. ముందు వైరు కోసిన చోట రాగి ఎలా ఉందో చూడండి. నల్లగా గానీ ముదురు ఎరుపుగా గానీ ఉంటే వేడికి చెడిపోయిందన్నమాట. తళతళలాడే రాగి కనిపించేదాకా కోసుకుంటూ పోండి. ఒక్కోసారి జానెడు వైరు పోతుంది, పోనివ్వండి. నల్లబడిన రాగిని బ్లేడుతో గీకి వాడేవాళ్లున్నారు. పోగుల మధ్య ఉన్న నలుపును ఏ బ్లేడూ తీయలేదు.

కొన్ని ప్లగ్గుల్లో పై మూతను ముందే వైరులోకి ఎక్కించాలి. మూడు తీగలూ చక్కగా బిగించి, మూత చేతిలో పట్టుకుని తెల్లముఖం వేయడం నాకు ఇప్పటికీ ఏడాదికోసారైనా తప్పదు. మీ ప్లగ్గు ఏ రకమో ముందే చూసుకోండి.

పై తొడుగును మూడు నాలుగు సెంటీమీటర్ల మేర తీయండి. ఇస్త్రీ పెట్టె వైరుకు సాధారణంగా నూలు అల్లిక ఉంటుంది. కోసిన చోట దారాలు విడిపోతూ ఉంటాయి కాబట్టి అక్కడ ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టండి. లోపలి తీగలను ప్లగ్గులో పెట్టి పొడవు కొలుచుకుని కత్తిరించండి. ఎర్త్ తీగను మిగతా రెంటికంటే సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవు ఉంచండి. రేపు ఎవరైనా వైరు పట్టుకుని లాగితే, పట్టీ జారిపోయినా, ముందు ఫేజ్ ఊడాలి, ఎర్త్ చివరన ఊడాలి. ప్లగ్గు చేసినవాళ్ల ఆలోచన కూడా ఇదే. ఎర్త్ పిన్ను మిగతావాటికంటే పొడవుగా ఉండేది అందుకే: పెట్టేటప్పుడు ముందు తగులుతుంది, తీసేటప్పుడు చివర వదులుతుంది. లావుగా ఉండేది ఫేజ్ రంధ్రంలో పట్టకుండా.

చివర్ల ఇన్సులేషన్ ఎంత తీయాలంటే, స్క్రూ కిందకు ఎంత వెళ్తుందో అంతే. చాలా ప్లగ్గులకు ఆరేడు మిల్లీమీటర్లు సరిపోతుంది. పళ్లతో కొరికి తీయకండి (అందరం చేశాం, నేనూ చేశాను). బ్లేడుతో చుట్టూ గట్టిగా కోస్తే రాగి పోగులు కొన్ని తెగిపోతాయి. తెగిన పోగులు కనిపిస్తే ఆ ముక్క కోసేసి మళ్లీ మొదలుపెట్టండి. తీగ లావుగా ఉండి రంధ్రంలో దూరడం లేదని నాలుగు పోగులు కత్తిరించి సన్నబరచడం అంతకంటే పెద్ద తప్పు. అలా దూరకపోతే ప్లగ్గు ఆ వైరుకు తగ్గది కాదని అర్థం.

పోగులన్నీ కలిపి గడియారం ముల్లు తిరిగే వైపు మెలిపెట్టండి. పక్కకు లేచిన పోగు ఒక్కటి కూడా ఉండకూడదు, అది పక్క స్క్రూకు తగిలితే షార్టే. రంధ్రంలో పెట్టి పైనుంచి స్క్రూ బిగించే రకమైతే, రంధ్రం పెద్దదిగా ఉంటే తీగను మడిచి రెండు పొరలు చేసి దూర్చండి. స్క్రూ చుట్టూ చుట్టే రకమైతే బిగించేటప్పుడు స్క్రూ తిరిగే వైపే చుట్టండి. ఎదురు చుడితే బిగించేకొద్దీ పోగులు బయటకు తోసుకొస్తాయి. స్క్రూ కింద ఇన్సులేషన్ నలగకూడదు, స్క్రూ బయట రాగి కనిపించకూడదు. ఇక బిగించండి. బిగించాక ఒక్కో తీగనూ వేళ్లతో పట్టుకుని లాగి చూడండి. కదిలిందంటే బిగియలేదనే.

పోగులు చెదరకుండా ముందే సోల్డర్ పూయడం మంచిదని కొందరంటారు. ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లకు ఈ అలవాటు ఎక్కువ. స్క్రూ కింద మాత్రం అది వద్దు. సోల్డర్ మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా నలిగి పక్కకు జారుతుంది. ఈరోజు గట్టిగా ఉన్న స్క్రూ కొన్ని నెలలకు వదులవుతుంది.

తర్వాత వైరు పట్టీ. రెండు చిన్న స్క్రూలతో వచ్చే ఆ చిన్న ముక్కను పారేసేవాళ్లను ఎంతమందిని చూశానో. పట్టీ కింద నలగాల్సింది వైరు పై తొడుగు, లోపలి రంగు తీగలు కాదు. ఇస్త్రీ చేసేటప్పుడు వైరు రోజూ ఇటూ అటూ లాగబడుతుంది. పట్టీ లేకపోతే ఆ లాగుడంతా నేరుగా రాగి మీద, స్క్రూ మీద పడుతుంది. పట్టీకి బదులు వైరుకు లోపల ముడి వేస్తే చాలదా అని అడుగుతుంటారు. చాలదు. ముడి దగ్గర ఇన్సులేషన్ నలుగుతుంది, మూత సరిగ్గా కూర్చోదు.

మూత బిగించాక మల్టీమీటరు ఉంటే మూడు కొలతలు తీసుకోండి. ఇవన్నీ ప్లగ్గు బయట ఉన్నప్పుడే. ఎర్త్ పిన్నుకూ పెట్టె అడుగు లోహానికీ మధ్య ఒక ఓమ్ కంటే తక్కువ రావాలి. మీటరు తీగ మొనను పూత మీద కాకుండా లోహం బయటపడిన చోట, ఏదైనా స్క్రూ మీదైనా సరే, ఆనించండి. ఫేజ్ పిన్నుకూ లోహానికీ, అలాగే న్యూట్రల్‌కూ లోహానికీ మధ్య ఏ విలువా రాకూడదు. ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మధ్య మీ పెట్టె 1000 వాట్లదైతే దాదాపు 53 ఓమ్‌లు, 750 వాట్లదైతే 70 ఓమ్‌లు రావాలి. ఏమీ రాకపోతే కంగారు పడకండి, వేడి తిప్పే గుండ్రటి బిళ్ల ఆఫ్‌లో ఉందేమో చూడండి. సున్నా వస్తే మాత్రం షార్ట్ ఉన్నట్టే, బోర్డులో పెట్టకండి.

ఇక ముఖ్యమైన సంగతి. మీరు అడగలేదు కానీ నేనైతే ముందు అడిగేది ఇదే: పాత ప్లగ్గు ఎందుకు కాలింది?

1000 వాట్ల పెట్టె 230 వోల్టుల దగ్గర దాదాపు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. 6 ఆంపియర్ల ప్లగ్గుకు అది మామూలు బరువే. కాబట్టి లోడు ఎక్కువై కాలలేదు. ఎక్కడో పట్టు వదులైంది. వదులైన చోట సగం ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. నాలుగున్నర ఆంపియర్లు దాని గుండా పోతుంటే దాదాపు 10 వాట్ల వేడి పుడుతుంది. 10 వాట్లంటే పెట్టె మొత్తంతో పోలిస్తే ఎంత, అనిపిస్తుంది. కానీ ఆ వేడంతా ప్లాస్టిక్ డబ్బాలో మూసుకుపోయిన ఆవగింజంత చోట పుడుతోంది. వేడికి రాగి నల్లబడుతుంది, నలుపు కరెంటును సరిగ్గా పోనివ్వదు, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అదే సగం ఓమ్ 2000 వాట్ల గీజరు ప్లగ్గులో ఉంటే వేడి నాలుగింతలు, ఎందుకంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. గీజరు ప్లగ్గులు అంత తరచుగా కాలేది అందుకే.

ఇంత జరుగుతున్నా ఎం.సి.బి. (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే బోర్డులోని స్విచ్) పడిపోదు. దానికి తెలిసేది కరెంటు ఎక్కువైందా అన్నదొక్కటే. లూజ్ కాంటాక్ట్ వల్ల కరెంటు పెరగదు, కొద్దిగా తగ్గుతుంది కూడా. "ఎం.సి.బి. ఉంది కదండీ" అని నిశ్చింతగా ఉండే విషయం కాదిది. మీ ముక్కును నమ్ముకోండి. కాలిన ప్లాస్టిక్ వాసన, స్విచ్ వేసినప్పుడు చిటపట చప్పుడు, పిన్ను మొదట్లో గోధుమ రంగు మరక, ఇవే హెచ్చరికలు.

పట్టు వదులయ్యేది ప్లగ్గు లోపల స్క్రూ దగ్గరే కానక్కర్లేదు. సాకెట్ లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులు కూడా వదులవుతాయి. ఒకసారి బాగా వేడెక్కిన రేకుకు స్ప్రింగు గుణం పోతుంది, మళ్లీ రాదు. ఒక ఇంట్లో మూడు నెలల్లో మూడు ప్లగ్గులు మార్చారు, ప్రతిసారీ ఫేజ్ పిన్నే కాలింది. ప్లగ్గులే నాసిరకం అనుకున్నారు. నాలుగో ప్లగ్గు బిగించమని నన్ను పిలిచారు. సాకెట్ విప్పితే ఫేజ్ వైపు రేకు నీలం తిరిగిపోయి నోరు తెరుచుకుని ఉంది. సాకెట్ మార్చాక మళ్లీ నాకు ఫోను రాలేదు. ప్లగ్గు కాలితే సాకెట్‌ను కూడా అనుమానించండి. ప్లగ్గు దూర్చినప్పుడు బిగుతుగా వెళ్లాలి. దానంతట అదే జారి కిందకు వేలాడితే ఆ సాకెట్ పని అయిపోయినట్టే. సాకెట్ మార్చాలంటే మాత్రం మెయిన్ ఆపాలి, బోర్డు విప్పాలి. అలవాటు లేకపోతే ఆ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. నియాన్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదని నమ్మడం కూడా మంచిది కాదు, అది వెలగకపోవడానికి సవాలక్ష కారణాలు.

ఇప్పుడు ఎర్త్ సంగతి. పెట్టె లోపల ఫేజ్ తీగ ఎప్పుడైనా అరిగి లోహానికి తగిలితే, ఎర్త్ సరిగ్గా ఉన్నప్పుడు కరెంటు ఆ దారిన ఒక్కసారిగా భూమిలోకి పోతుంది, ఎం.సి.బి. పడుతుంది. కరెంటు లీకవుతుంటే పసిగట్టి ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంటే అంతకంటే చాలా ముందే, చిన్న లీకేజీకే పడుతుంది. ఎర్త్ లేకపోతే ఆ లోహం 230 వోల్టులతో చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. దారి కోసం ఎదురు చూస్తుంది. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి ముట్టుకున్న మనిషే ఆ దారి.

మీ ప్లగ్గులో ఎర్త్ బిగించినా, సాకెట్ వెనక ఎర్త్ తీగే లేకపోతే లాభం లేదు. పాత ఇళ్లలో ఇది మామూలే. అలాంటి చోట కొందరు ఓ "చిట్కా" చేస్తారు: ప్లగ్గులోనో సాకెట్‌లోనో న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న ముక్క వేసి కలిపేస్తారు. ఇది ఎర్త్ లేకపోవడం కంటే ప్రమాదం. వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే షాక్ కొడుతోందని ఒకరు పిలిస్తే వెళ్లాను. సాకెట్‌లో ఇలాంటి ముక్క ఉంది. వేసినవాడు ఎప్పుడు వేశాడో ఏమో, అన్నాళ్లూ ఏమీ కాలేదు. బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులై తీగ ఊడిన రోజున ఫేజ్ మెషీన్ లోపలి నుంచి తిరిగి న్యూట్రల్ దాకా వచ్చి, ముందుకు దారి లేక ఆ ముక్క గుండా డబ్బా ఒంటి మీదకు ఎక్కింది. ముట్టుకున్నావిడ చెప్పులు వేసుకుని ఉండబట్టి చెయ్యి జలదరించడంతో పోయింది. ఎర్త్ లేకపోతే ఎర్త్ వేయించుకోవాలి, దానికి అడ్డదారి లేదు. వేయించేలోపు కనీసం ఆర్.సి.సి.బి. పెట్టించండి.

అయితే రెండే తీగలున్న వస్తువులు కూడా ఉంటాయి కదా అని మీకు అనుమానం రావచ్చు. ఫోను ఛార్జర్లు, మిక్సీలు కొన్ని, డ్రిల్లింగ్ మెషీన్లు అలా వస్తాయి. వాటి మీద చతురస్రం లోపల చతురస్రం గుర్తు ఉంటుంది. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం. వాటికి త్రీ పిన్ ప్లగ్గు వేస్తే ఎర్త్ పిన్ను ఖాళీగా వదిలేయవచ్చు. లోహపు ఇస్త్రీ పెట్టె ఆ జాతి కాదు. దాన్ని త్రీ పిన్ నుంచి టూ పిన్‌కు మార్చే అడాప్టర్లలో కూడా పెట్టకండి.

కొత్త ప్లగ్గు నాణ్యత గురించి కూడా ఒక మాట. ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 1293 అన్న అంకె ఉన్నాయా చూడండి. ఒక అయస్కాంతం పిన్నులకు ఆనించండి. అతుక్కుంటే ఇత్తడి కాదు, పూత పూసిన ఇనుము. అలాంటిది వాడకండి. 6 ఆంపియర్లదీ 16 ఆంపియర్లదీ తేడా ఏమిటంటే, చిన్నదాని ఎర్త్ పిన్ను ఎంత లావో పెద్దదాని మామూలు పిన్నులు అంత లావు. మీ పెట్టెకు చిన్నది చాలు. గీజరుకు, పెద్ద హీటరుకు పెద్దదే వేయాలి, వైరు కూడా కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి. పెట్టెకు 0.75 సరిపోతుంది. వైరు మొత్తం మార్చాల్సి వస్తే నూలు అల్లిక ఉన్నదే కొనండి. మామూలు పి.వి.సి. వైరు వేడి పెట్టె అంచుకు ఒక్కసారి తగిలితే కరుగుతుంది.

కోసిన పాత ప్లగ్గు ఇంకా ఇంట్లోనే ఉంటే, దానికి మిగిలిన వైరు ముక్కను మొదలంటా కోసి, పిన్నులు వంచి పారేయండి. పిల్లలు ఆ ప్లగ్గును తీసుకెళ్లి సాకెట్‌లో పెడితే తెగిన కొసల్లో కరెంటు ఉంటుంది.

బిగించాక మొదటిసారి పది నిమిషాలు పెట్టె వేడెక్కనిచ్చి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి చేత్తో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే మళ్లీ విప్పండి. వారం పది రోజుల వాడకం తర్వాత ఒకసారి మూత తీసి స్క్రూలు మళ్లీ బిగించండి, మెలిపెట్టిన పోగులు కాస్త సర్దుకుని పావు చుట్టు వదులు కనిపించడం మామూలే. అయితే ముందు ఆ సాకెట్ రంధ్రాల చుట్టూ టార్చి వేసి చూసి, మరక ఏమైనా ఉందో లేదో నాకు చెప్పండి. ఉంటే కొత్త ప్లగ్గును అందులో పెట్టవద్దు.